పొరుగింటి టెలివిజను

తెల్లని తెర యెదుట ఊరివారందరును చేరి ప్రొద్దుపోవువరకు కథ చూచుట తెలుగుదేశమున టెలివిజనుతో మొదలైన ఆచారము కాదు. తోలుబొమ్మలాటవారు తెల్లని బట్టను తెరగా బిగించి, వెనుక ఆముదపు దీపములు వెలిగించి, రంగులద్దిన చర్మపు బొమ్మలచేత రామాయణ భారతములను ఆడించుచుండగా, నడుమ నడుమ కేతిగాడును బంగారక్కయు వచ్చి నవ్వించుచుండగా, చాపలు పరచుకొని తెల్లవారువరకు కూర్చుండినవారి మనుమలును మునిమనుమలును కదా, కొన్ని తరముల పిమ్మట పొరుగింటి వసారాలో టెలివిజను పెట్టె యెదుట కూర్చుండిరి! హరిదాసు చిడతల సవ్వడికి, బుర్రకథ వంతల గుమ్మెటల మ్రోతకు, ఆ పిదప టూరింగు టాకీసు గుడారములోని నేలతరగతికి అలవాటుపడిన జనమునకు ఈ క్రొత్త పెట్టె యెదుట ఎట్లు కూర్చుండవలెనో ఎవరును నేర్పవలసిన పని లేకపోయెను. పిల్లలు ముందువరుసను, స్త్రీలు ఒక ప్రక్కను, వృద్ధులు గోడ కానుకొనియు కూర్చుండుట తరతరములనుండి వచ్చిన మర్యాదయే.

దూరదర్శన్ కార్యక్రమములను బాల్యమునుండి ప్రేమించి, నేటికిని వాని పేరు చెవిని పడినంతనే మనస్సు పులకరించు అభిమానులలో నేనొకడను. ఆ ప్రేమలో కార్యక్రమముల గొప్పతనమునకు సగము పాలు చెందవలసియుండగా, తక్కిన సగము వానిని చూచిన తీరునకు, అనగా అరుదుగా, వేచియుండి, నలుగురితో కలిసి చూచిన ఆచారమునకు చెందవలెనని నా దృఢవిశ్వాసము. ఆ ఆచారము మన ప్రాంతమున సుమారు ఇరువది సంవత్సరములు బ్రదికి అంతరించెను. రాజుల చరిత్రయు యుద్ధముల చరిత్రయు వ్రాయువారు అనేకులున్నారు గనుక, ఈ చిన్న ఆచారము యొక్క చరిత్రను వ్రాయుట దానిని అనుభవించినవారి విధియని తలచి ఈ పనికి పూనుకొంటిని.

మన దేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15 న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 1972 లో బొంబాయికిని, 1975 లో కలకత్తా, మద్రాసు నగరములకును విస్తరించెను. తెలుగువారి విషయమున మాత్రము ఒక విచిత్రము జరిగినది. రాజధానియైన హైదరాబాదు నగరములోని సంపన్నులు టెలివిజను ముఖమెరుగక ముందే, మారుమూల పల్లెలలోని రైతులును కూలీలును దానిని చూచిరి. విక్రమ్ సారాభాయి భావించి, ఆయన మరణానంతరము ఇస్రో శాస్త్రజ్ఞులు నెరవేర్చిన ఉపగ్రహ బోధనా ప్రయోగము 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు జరిగెను. ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశము, రాజస్థానము అను ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములను ఎన్నుకొని, ప్రతి గ్రామమునందును పాఠశాలలోనో పంచాయతీ భవనములోనో ఒక టెలివిజను నుంచి, కోళ్లగూళ్లకు వాడు తీగవలతో అల్లిన పది అడుగుల వెడల్పుగల గొడుగువంటి యాంటెన్నాను ఆకాశమువైపు త్రిప్పి నిలిపిరి. ఉదయము బడిపిల్లలకు పాఠములును, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబసంక్షేమము మున్నగు విషయములును ప్రసారమగుచుండెను. తెలుగు కార్యక్రమములు సిద్ధపరచుటకు హైదరాబాదునందొక నిర్మాణకేంద్రము వెలసెను. బడి ఆవరణము ఊరుమ్మడిది గనుక అచ్చట అందరును కూర్చుండగలిగిరి. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను, ఏలననగా తరువాతి కాలమున టెలివిజను ఇండ్లలోనికి ప్రవేశించినప్పుడు ఈ సమత్వము నిలువలేదు.

ఆ ఉపగ్రహము అమెరికావారిది; ఒక్క సంవత్సరమునకు మనము ఎరువు తెచ్చుకొన్నది. గడువు తీరగానే దానిని మరలించుకొనిపోగా పల్లెలలోని తెరలు మూగవోయెను. ఆ లోటును కొంతవరకైనను తీర్చుటకు 1977 లో జయపురము, రాయపురము, గుల్బర్గా మున్నగు చోట్లతోపాటు హైదరాబాదునందును ప్రసారకేంద్రము నెలకొల్పబడెను. ఆ సంవత్సరము అక్టోబరు 23 న నాటి రాష్ట్రపతియు తెలుగువాడునైన నీలం సంజీవరెడ్డి దానిని ప్రారంభించిరి. రామంతాపురమునందలి ఆ కేంద్రము యొక్క ప్రసారము నగరమును, చుట్టుప్రక్కల కొంత మేరను దాటి పోకుండెను. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములవారు మేడలపై ఎత్తైన ఇనుప గొట్టములు నిలిపి మద్రాసు కేంద్రపు అరవ కార్యక్రమములను పట్టుకొనుచుండిరి. నడుమనున్న కృష్ణా గోదావరీ మండలములవారు పత్రికలలో చదివి నిట్టూర్చుచుండిరి.

పెట్టె కొనుట అన్నచో నాడు సామాన్యమైన సాహసము కాదు. హైదరాబాదునందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారి ఇ.సి. టీవీ మనవారి ముంగిట మొదట నిలిచినది; మద్రాసునుండి సాలిడేరు, డయనోరా పెట్టెలు వచ్చెను. కొన్నింటికి ఇరుప్రక్కలకు జరుగు చెక్క తలుపులును, వానికి తాళమును ఉండెడివి. ఆ తలుపులు తెరచుట దేవుని గది తెరచినంత శ్రద్ధతో జరుగుచుండెను. కొందరు తెరకు ముందు నీలిరంగు పలకనో, మూడురంగుల పలకనో తగిలించి, నలుపు తెలుపు బొమ్మను రంగుల బొమ్మగా భావించుకొని ఆనందించెడివారు. లైసెన్సు రుసుము తపాలా కార్యాలయములో చెల్లింపవలసియుండెను. వీధికి ఒకటి, రెండు వీధులకు ఒకటి చొప్పున ఇట్టి పెట్టెలుండగా, తక్కినవారందరును సాయంకాలమగునప్పటికి ఆ యింటి గడప యెదుట చెప్పులు విడిచెడివారు.

మేడపై నిలిచియున్న అల్యూమినియపు యాంటెన్నాను గాలియు కాకులును కదల్చుచుండుటచేత, ఏదో యొక సాయంకాలము బొమ్మ చెదరి తెరనిండ చుక్కలు క్రమ్ముట నిత్యకృత్యము. ఒకడు మేడపైకెక్కి గొట్టమును త్రిప్పుచుండగా, రెండవవాడు పిట్టగోడ వద్దను, మూడవవాడు గుమ్మము వద్దను నిలిచి లోపలి వార్తను పైకి మోయుచుండిరి. "బాబాయ్, బొమ్మ వచ్చింది గాని మాట రావట్లేదు, కొంచెం ఎడమకు తిప్పు!" "ఆ, అంతే, అక్కడే ఉంచు!" అను కేకలు వీధి చివరి వరకు వినబడుచుండెను. బొమ్మ నిలిచినంతనే లోపలినుండి ఒక్కపెట్టున లేచు హర్షధ్వానమును వినినవారెవ్వరును దానిని మరువజాలరు. ఇక ఆ యింటి ఇల్లాలి ఓర్పును గూర్చి చెప్పకున్న ఈ చరిత్ర అసంపూర్ణము. ఇంటినిండ పరాయివారు కూర్చుండియుండగా ఆమె పిల్లలకు అన్నము పెట్టుకొనుటకు వీలులేక, వంటయింటి గుమ్మమునందు నిలుచుండి సగము చూచుచు, దప్పిగొన్నవారికి మంచినీళ్లందించుచు, చివరి కార్యక్రమము ముగిసి అందరును వెడలిన తరువాత గాని విస్తరి వేయకుండెను. వీధివారి టెలివిజను భాగ్యమునకు ఆమెయే నిజమైన దాత.

అయితే ఆ గుమ్మము అందరికిని ఒక్కరీతిగా తెరచుకొనలేదు. లోపలికి రమ్మని పిలువబడినవారు కొందరు, వసారా వరకే వచ్చినవారు కొందరు, కిటికీ చువ్వలు పట్టుకొని వెలుపలనే నిలుచుండినవారు కొందరు. కులముచేతనో పేదరికముచేతనో వీధిలో నిలిచి చూచిన పిల్లలకు మాటలు సరిగా వినబడకుండెను. అయినను వారు కదలకుండిరి. బడి ఆవరణములోని ఊరుమ్మడి పెట్టెను ఉపగ్రహముతోపాటు పోగొట్టుకొనుట వలన మన పల్లెలకు కలిగిన నష్టమెంతటిదో ఈ కిటికీలను తలచుకొన్నప్పుడు నాకు తెలియుచున్నది.

1983 నవంబరు 14 న హైదరాబాదు కేంద్రమునుండి తెలుగు వార్తలు మొదలయ్యెను. వానిని తొలిసారి చదివినవారు శాంతిస్వరూప్. అక్షరములను కెమెరా ముందు చూపెడు ప్రాంప్టరు యంత్రము ఆ రోజులలో లేకపోవుటచేత, వ్రాతప్రతిని ముందుగా కంఠస్థము చేసికొని, కాగితము మీదికి మాటిమాటికి చూపు దించక, ప్రేక్షకుని కన్నులలోనికి చూచుచు చదువుట ఆయన అలవరచుకొన్న విద్య. అవధానములు పుట్టిన దేశమున ధారణకు గౌరవము లభించుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ తొందరలేని ఉచ్చారణము, పదమునకు పదమునకు నడుమ విడిచిన ఆ రవ్వంత విరామము, శోకవార్తయందైనను చెక్కుచెదరని ఆ నిదానము మాకు వార్తలతోపాటు తెలుగును నేర్పెను. మా వీధిలోని వృద్ధురాలొకతె ఆయన నమస్కారమునకు చేతులు జోడించి ప్రతినమస్కారము చేసిన పిదప గాని వార్తలు వినకుండెను. ఆయన నవలాకారుడు కూడ. భోపాలు విషవాయు దుర్ఘటనపై "రాతిమేఘం" అను నవల వ్రాసిరి. 2011 లో ఉద్యోగవిరమణ చేసి, 2024 ఏప్రిలులో కీర్తిశేషులైరి. ఆయన తరువాత ఎందరో వార్తలు చదివిరి, చదువుచున్నారు. అయినను నా చెవికి వార్త యన్నచో నేటికిని ఆ కంఠమే.

1982 ఆగస్టు 15 న జాతీయ కార్యక్రమమును, ఆ సంవత్సరముననే ఢిల్లీ ఆసియా క్రీడల నిమిత్తము రంగుల ప్రసారమును వచ్చెను. మరుసటి యేట ఇన్సాట్-1బి ఉపగ్రహము కక్ష్యను చేరిన తరువాత చిన్న పట్టణములందును అల్పశక్తి ప్రసారిణులు త్వరత్వరగా వెలసెను. అవి ముఖ్యముగా ఢిల్లీ కార్యక్రమములనే పునఃప్రసారము చేయుచుండుటచే, కోస్తా పట్టణములలో అనేకులకు టెలివిజను మొదట హిందీలోనే మాటాడెను. 1984 జూలైలో మొదలైన "హమ్ లోగ్" కథ ఉత్తరదేశమును ఉఱ్ఱూతలూగించెనందురు గాని, ఢిల్లీ మధ్యతరగతి యింటి పలుకుబడి మావారికి అంతగా ఎక్కలేదు. కథాంతమున అశోక్ కుమార్ వచ్చి చెప్పు మాటలలో తెలుగు పలుకులు ఎప్పుడైన దొర్లునేమోయని మాత్రము చెవులు రిక్కించెడివారము.

మావారి మనస్సునకు ఎక్కు కథ లేని ఆ కొఱతను తీర్చినది రామాయణము. 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వరకు ఆదివారము ఉదయమున రామానంద సాగర్ రామాయణము ప్రసారమైన దినములను గూర్చి దేశమంతట ఒక్కటే కథ చెప్పుదురు. స్నానములు చేసి కూర్చుండుట, పెట్టెకు పూలమాల వేసి అగరువత్తులు వెలిగించుట, వీధులు నిర్మానుష్యమగుట, కరెంటు పోయినచో విద్యుత్తు కార్యాలయము మీదికి జనము ఉరుకుట మన ఊళ్లలోను జరిగినవి. కాని తెలుగు ప్రేక్షకునికి ఇందు ఇతరులకు లేని యొక చిక్కు ఉండెను. అతనికి రాముని ముఖము అప్పటికే తెలియును. 1963 నాటి "లవకుశ"లో నందమూరి తారకరామారావు రాముడుగను, అంజలీదేవి సీతగను వెలసిన తరువాత, ఆ పటములను పూజామందిరములలో నిలుపుకొన్న ఇండ్లెన్నియో గలవు. బాపు "సంపూర్ణ రామాయణము"లో శోభనబాబును రామునిగా మనవారు స్వీకరించినను, సింహాసనము మాత్రము మొదటివారిదే. అట్టి స్థితిలో అరుణ్ గోవిల్ మందహాసముతో తెరపై ప్రత్యక్షమైనప్పుడు మా వీధిలోని పెద్దలు కొన్ని వారములు మౌనముగ పరీక్షించిరి. వనవాసఘట్టము వచ్చునప్పటికి పరీక్ష ముగిసి కన్నీరు మొదలయ్యెను.

ఇందు మరియొక విశేషము గలదు. ఆ ఆదివారములలో ఢిల్లీ రాముడు తెరపై సంచరించుచుండగా, తెలుగుల వెండితెర రాముడు హైదరాబాదున ముఖ్యమంత్రిగా పరిపాలించుచుండెను. రామాయణములోని సీతయైన దీపికా చిఖలియాయు, రావణుడైన అరవింద్ త్రివేదియు 1991 లో లోక్‌సభకు ఎన్నికైనప్పుడు ఉత్తరదేశపు విమర్శకులు విస్తుపోయిరి; తెలుగువారు ఆ పాఠమును 1983 జనవరిలోనే చదివియుండుటచే వారికి వింత తోచలేదు. తెరపై దేవుని చూచిన కన్నులు ఆ మనిషిని ఎన్నడును సామాన్యునిగా చూడజాలవను సత్యమునకు ప్రథమసాక్షి మన దేశమే.

సాగర్ రామాయణము మిక్కిలి మందగమనముగలదని పట్టణపు విమర్శకులు నిందించిరి. ప్రతి ముఖము మీదికిని కెమెరా సాగిపోవుట, ఒక్క బాణము మరియొక బాణమును ఎదుర్కొనుటకు పట్టు కాలము వారికి సహింపరానిదయ్యెను. సీతాకల్యాణమునకు ఒక రాత్రియంతయు తీసికొను హరిదాసును వినినవారికి ఇది లోపమని తోచలేదు, నాకును తోచలేదు. వేగమే ప్రమాణమైనచో మన పురాణశ్రవణ సంప్రదాయమునే త్రోసిపుచ్చవలసి వచ్చును. శ్రోతకు కథ ముందే తెలిసియుండగా తొందర యెందులకు? భరతుడు పాదుకలను శిరముపై నుంచుకొన్న దృశ్యమును తెలిసియే వచ్చి, అది వచ్చువరకు వేచి, వచ్చినప్పుడు నలువురితో కలిసి కంట తడిపెట్టుట రసానుభవము కాక మరేమి?

1988 అక్టోబరు 2 న ఆరంభమైన బి. ఆర్. చోప్రా మహాభారతము వేరొక బిగువుగల నిర్మాణము. హరీశ్ భిమానీ కంఠముతో కాలపురుషుడే కథ చెప్పుట గొప్ప ఊహ. సంభాషణలను రాహీ మాసూమ్ రజా వ్రాసిరి. సంస్కృతపదములు దట్టముగా నిండిన ఆ హిందీ, హిందీ రాని తెలుగువారికి సైతము సగమునకు పైగా బోధపడుచుండుటచే, తిక్కన పద్యములు కంఠస్థముగాగల మా తెలుగు మాస్టారు ప్రతి ఘట్టమునకును మన భారతములోని పట్టును జతపరచి వినిపించుచు, ఆదివారపు పొరుగింటి వసారాను రెండవ పాఠశాలగా చేసిరి. "మాయాబజార్" కృష్ణుని కన్నులలో నిలుపుకొన్న మేము నితీశ్ భరద్వాజ్ చిరునవ్వునకు లొంగుటకు కొంత కాలము పట్టినమాట నిజమే గాని, గీతోపదేశఘట్టమున ఇక వాదము లేకపోయెను.

నా మనస్సులో అన్నిటికంటె ఉన్నతాసనము మాత్రము ఈ రెండింటికిని గాక, "మాల్గుడి డేస్"కును "భారత్ ఏక్ ఖోజ్"కును ఇచ్చియున్నాను. ఆర్. కె. నారాయణ్ కల్పించిన ఊరిని శంకర్ నాగ్ కర్ణాటకమందలి ఆగుంబెలో నిలువబెట్టి, ఆర్. కె. లక్ష్మణ్ గీతలను, ఎల్. వైద్యనాథన్ సంగీతమును దానికి తోడుచేసెను. స్వామిగా నటించిన మంజునాథ్‌ను చూచినప్పుడు, ఆ అంగీయు, ఆ పలకయు, తండ్రి యెదుట ఆ భయమును మా వీధిలోనివే యనిపించుచుండెను. మాటలు హిందీవైనను ఆ ఊరి పెంకుటిండ్లు, ఎండ, వాన దక్షిణదేశమువి; జాతీయ ప్రసారమునందు మన ముఖమును మనము చూచుకొన్న అరుదైన సందర్భమది. ఇక జవాహర్‌లాల్ నెహ్రూ గ్రంథమును 53 భాగముల "భారత్ ఏక్ ఖోజ్"గా మలచిన శ్యామ్ బెనెగల్ హైదరాబాదున పుట్టి పెరిగినవాడు. తన తొలి కథాచిత్రమైన "అంకుర్"ను తెలంగాణపు పల్లెలో నిలిపినవాడు. ఋగ్వేదపు సృష్టిసూక్తముతో మొదలగు ఆ ధారావాహికలో శిలప్పదికారమునకును, విజయనగర పతనమునకును చోటు దొరకుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. దానిని చూచువారు వీధిలో కొలదిమందియే. రామాయణమునకు కిక్కిరిసిన వసారా ఆనాడు ఖాళీగనుండి, నలుగురైదుగురము కూర్చుండెడివారము. చరిత్ర యన్నచో రాజుల పట్టిక కాదని నాకు మొదట తెలిసినది అచ్చటనే.

తెలుగు కార్యక్రమములలో శుక్రవారపు "చిత్రలహరి"కి పోటీ లేదు. అరగంట పాటలకై వారమంతయు వేచియుండినవారికి, కోరిన పాట కోరిన క్షణమున వినగల నేటి తరమువారికంటె ఆ పాటలు ఎక్కువ జ్ఞాపకముండుటలో వింతలేదు. ధర్మవరపు సుబ్రహ్మణ్యమునకు ఇంటింట పేరు తెచ్చిన "ఆనందో బ్రహ్మ" హాస్యమును, ప్రేక్షకుల లేఖలకు సమాధానములిచ్చు "జాబులు జవాబులు"ను మా వీధివారు వదలకుండిరి. లేఖ వ్రాసినవారి పేరు చదువబడిన నాడు ఆ యింటివారి గర్వమునకు మేర లేకుండెను. శతాబ్దాంతమున మంజులానాయుడు దర్శకత్వమున వచ్చిన "ఋతురాగాలు" ధారావాహిక, నవలలు చదివి పెరిగిన తెలుగు స్త్రీలను సాయంకాలమున టెలివిజను యెదుట నిలిపిన తొలి దైనిక ధారావాహికగా పేరుపొందెను. దాని శీర్షికాగీతమును నేటికిని పాడుకొనువారున్నారు. అయితే అప్పటికే ప్రతియింటను ఒక పెట్టె యుండుటచే ఎవరి యింట వారే చూచుచుండిరి.

ఆచారము అంతరించుటకు కారణములు వెదకనక్కరలేదు. పెట్టె చౌకయయ్యెను, కేబుల్ వచ్చెను, 1995 లో జెమిని, ఈటీవీ మున్నగు తెలుగు ఛానెళ్లు వెలసెను. దీనిని నేను దుర్దశయని తలపను. ఢిల్లీ పంచిపెట్టిన కాలమున మన భాషకు దినమునకు కొలదిగంటలే దొరకెను. తరువాత అది రేయింబవళ్లు తెరనిండ నిండెను. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము "పాడుతా తీయగా" వేదికపై పసిపిల్లలకు స్వరమును దిద్దుచుండగా, గంగరాజు గుణ్ణము "అమృతం" ఆదివారముల నవ్వించుచుండగా, మా తరువాతి తరమువారును తమవైన ప్రేమలను కూడబెట్టుకొనిరి. వారి జ్ఞాపకములను మావానికంటె తక్కువయని ఎంచుట అన్యాయము. 2020 మార్చి 28 న మహమ్మారి నిర్బంధకాలమున రామాయణమును పునఃప్రసారము చేసినప్పుడు మా బంధువర్గమందలి పిల్లలు తొలిసారిగ దానిని చూచి, మేము చూచినంత శ్రద్ధతోనే చూచిరి. పొరుగింటికి పోవుట నిషిద్ధమైన దినములగుటచే ఎవరి గదిలో వారే చూచిరి.

ఈ చరిత్రకు ఆధారములు కార్యాలయపు దస్త్రములలోకంటె ప్రేక్షకుల యిండ్లలోనే అధికముగ నున్నవి. పాత లైసెన్సు పుస్తకములు, ఇ.సి. టీవీ రసీదులు, దూరదర్శన్ వారినుండి వచ్చిన జాబులు ఎన్ని పెట్టెల అడుగున పడియున్నవో చెప్పలేము. 1975 లో బడి ఆవరణమున తీగవల గొడుగు క్రింద కూర్చుండి తొలిసారి టెలివిజను చూచిన పది పండ్రెండేండ్ల పిల్లలు నేడు అరువది దాటినవారు. ఆ పల్లెలకు పోయి వారు చూచినదేమిటో, తెర ఆరిపోయిన నాడు వారికేమి తోచెనో అడిగి వ్రాసికొనుపనిని మన విశ్వవిద్యాలయముల చరిత్రశాఖలవారైనను, ఓపికగల పత్రికలవారైనను ఈ కొలది యేండ్లలోనే చేపట్టవలెను.